మన పేరు మీద ఎవరి బాకీ?

ఇల్లు కొందామని బ్యాంకుకి వెళితే, కొనని బండికి కట్టని వాయిదాలు ఎదురొచ్చాయి. అప్పుల చిట్టాలో తప్పు దొర్లితే దిద్దించుకోవడం ఎలాగో, దిద్దుబాటుకు లొంగనిదేదో... ఈ వారం ఆ ముచ్చట.

‘‘అంతా బాగానే ఉంది గానీ, ఆ బండి అప్పు సంగతేమిటండీ?’’

గాజువాకలో ఓ బ్యాంకు. బల్లకు అటువైపు మేనేజరుగారు. ఇటువైపు మా బావ, ఆ పక్కన మా మావయ్య, వెనక కుర్చీలో నేను. మేనేజరుగారు కంప్యూటరు తెర మావైపు తిప్పారు. ద్విచక్ర వాహన రుణం. నలభై ఏడు వేల చిల్లర బాకీ. దాని ఎదురుగా ‘రైటాఫ్’ అనే మాట.

‘‘బండా? నా బండి నగదు పెట్టి కొన్నది సార్. అప్పు లేదు’’ అన్నాడు బావ.

‘‘మరి ఇక్కడ ఉంది కదండీ...’’

మావయ్య కొడుకు మొహంలోకి ఓసారి చూశాడు. ఆ చూపే బావను ఎక్కువ బాధపెట్టిందట, తర్వాత చెప్పాడు. స్టీల్‌ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి, రిటైరయ్యాక ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి, కూర్మన్నపాలెంలో అద్దె ఇంట్లో ఉంటున్న మనిషి ఆయన. సొంతిల్లు అన్నది ఆయన ఉద్యోగంలో ఉండగా పడని ముడి. ఇప్పుడు కొడుకు వడ్లపూడి వైపు రెండు పడగ్గదుల ఫ్లాటు చూశాడు. లక్ష రూపాయలు బయానా ఇచ్చేశారు. నలభై అయిదు రోజుల్లో అప్పు మంజూరైతే సరి, లేకపోతే బిల్డరు ఇంకొకరికి ఇచ్చుకుంటాడు. అదీ షరతు.

‘‘ఏటిరా ఇది? ఇంట్లో చెప్పకుండా ఏవైనా...’’ మెట్లు దిగుతూ మావయ్య అడగనే అడిగాడు.

బావ అప్పు చేయలేదు. ఆ మాట నాకు తెలుసు. అయితే బ్యాంకుకి తెలియాలి కదా! అది తెలియజెప్పడానికి మాకు పట్టిన కాలం, తిరిగిన తిరుగుడు ఈ పేజీలో పెడితే నలుగురికీ పనికొస్తుందనిపించింది.

కిరాణా కొట్టు ఖాతా పుస్తకం

ముందు ఈ చిట్టా ఏమిటో చూద్దాం. పూర్ణా మార్కెట్లో పాత షావుకార్లని అడిగితే చెబుతారు. అరువు అడగడానికి కొత్త మనిషి వస్తే పక్క కొట్టాయన్ని వాకబు చేసేవారట, ‘ఈయన ఇచ్చుకుంటాడా?’ అని. ఆ పక్క కొట్టాయన ఇప్పుడో కంపెనీ అయ్యాడు. మన దేశంలో అలాంటి మొదటి కంపెనీ సిబిల్. 2000లో ఏర్పడింది. 2004 నుంచి వ్యక్తుల అప్పుల వివరాలు బ్యాంకులకు అందించడం మొదలుపెట్టింది. 2005లో పార్లమెంటు దీనికంటూ ఒక చట్టం చేసింది. ఇప్పుడు ఇలాంటివి నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. మొదట వచ్చింది కాబట్టి మన నోళ్లలో అన్నీ ‘సిబిల్’ అయిపోయాయి. వనస్పతి అంతా డాల్డా అయినట్టు!

మనకు అప్పిచ్చిన ప్రతి సంస్థా, అది పెద్ద బ్యాంకు కానివ్వండి, బండ్ల ఫైనాన్సు కానివ్వండి, క్రెడిట్ కార్డు కానివ్వండి, మనం ఎప్పుడెంత కట్టామో ఈ నాలుగింటికీ పంపుతుంది. ఇదివరకు నెలకోసారి పంపేవారు. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకోసారైనా పంపాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ లెక్కలన్నీ చూసి 300 నుంచి 900 దాకా ఒక మార్కు వేస్తారు. అదే స్కోరు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. బావ కూడా పొరబడ్డాడు. ‘నాకు ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, జీతం టంచనుగా పడుతుంది, స్కోరెందుకు తగ్గుతుంది?’ అన్నాడు. ఈ చిట్టాలో డిపాజిట్లుండవు. పొదుపు ఖాతాలో నిల్వ ఉండదు. చీటీ పాటలో మీరెంత నిజాయతీగా కట్టినా అదీ ఉండదు. ఉండేది ఒక్కటే, అప్పు తీసుకుని తిరిగి కట్టిన తీరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ కంపెనీలు మనల్ని ఎరగవు. బ్యాంకు ఏది రాసి పంపితే అది అచ్చు వేస్తాయి. బ్యాంకు గుమస్తా ఒక అంకె తప్పు కొడితే ఆ తప్పు అంకే మనకు జాతకమైపోతుంది. తప్పును అచ్చులో దిద్దలేం. రాసిచ్చినవాడి దగ్గరికే వెళ్లి దిద్దించాలి. ఈ మాట మాకు మొదట్లో అర్థం కాలేదు. అందుకే ఇరవై రోజులు వృథా అయ్యాయి.

అప్పన్న పేరున ఎంతమంది!

మా బావ పేరు ఇక్కడ రాయను గానీ, ఉత్తరాంధ్రలో వీధికి ఇద్దరు ముగ్గురుంటారు ఆ పేరువాళ్లు. మన ప్రాంతంలో పేర్లు దేవుళ్ల దగ్గర్నుంచే వస్తాయి. సింహాద్రి అప్పన్న పేరున అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, అప్పలనర్సమ్మలు, సింహాచలాలు. అనకాపల్లి నూకాలమ్మ చలవతో నూకరాజులు. విజయనగరం పైడితల్లమ్మ దయతో పైడిరాజులు. మల్కాపురం నడిబొడ్డున నిలబడి ‘అప్పలరాజూ’ అని కేకేస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు. ఆ నలుగురిలో ఇద్దరికి ఇంటిపేరు మొదటి అక్షరమూ ఒకటే అయి ఉంటుంది!

దానికి తోడు మన ఇంటిపేరు ముందుంటుంది. బ్యాంకు దరఖాస్తులోనేమో ‘ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్’ అని గళ్లుంటాయి. ఒకాయన ఇంటిపేరు ముందు గడిలో రాస్తాడు, ఇంకొకాయన వెనక గడిలో. ఆధార్‌లో ఇంటిపేరుకి పొడి అక్షరం, పాన్ కార్డులో పూర్తిగా. పెళ్లయిన ఆడవాళ్లకయితే పుట్టింటి ఇంటిపేరుతో ఒక ఖాతా, అత్తింటి ఇంటిపేరుతో ఇంకో ఖాతా. పుట్టినతేదీ సంగతి చెప్పనే అక్కర్లేదు. బళ్లో వేసేటప్పుడు మాస్టారు వేసిన జులై ఒకటో తేదీయే ఎంతోమందికి పుట్టినరోజు. ఇలాంటి పేర్లూ తేదీల మధ్య ఎవరి లెక్క ఎవరిదో కంప్యూటరు సరిపోల్చుకోవాలి. పాపం దానికి మాత్రం ఏం తెలుసు!

బావ విషయంలో జరిగింది ఇదే. అదే పేరు, అదే ఇంటిపేరున్న ఇంకో కుర్రాడెవరో బండికి అప్పు తీసుకున్నాడు. ఆ ఖాతాకి ఫైనాన్సు సంస్థలో బావ పాన్ నంబరు ముడిపడింది. ఎప్పుడో బావ వాళ్ల దగ్గర టీవీ కొనడానికి వాయిదాల కోసం పాన్ ఇచ్చాడు. ఆ అప్పు తీర్చేశాడు కూడా. పాత కస్టమరే కదా అని రెండు పేర్లనీ ఒకే మనిషిగా కలిపేశారు.

ఆంధ్రా బ్యాంకు పోయింది, ఖాతా ఉండిపోయింది

తప్పులకు పేర్లొక్కటే కారణం కాదు. బ్యాంకులే మారిపోయాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీఐలో కలిసింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన మన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో చేరింది. 2025 మే ఒకటిన మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులూ ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో గ్రామీణ వికాస్ బ్యాంకులో పంటరుణాలు తీసుకున్నవాళ్లంతా ఆ లెక్కలోకి వస్తారు.

బ్యాంకులు కలిసినప్పుడు ఖాతాలూ కొత్త పద్దులకు మారతాయి. అలాంటి చోట పాత బ్యాంకు పేరున ఒక అప్పు, కొత్త బ్యాంకు పేరున అదే అప్పు, రెండూ బతికున్నట్టు కనపడితే ఆశ్చర్యపోకండి. తీర్చేసిన ఇంటి అప్పు పాత పేరుతో ఇంకా ‘నడుస్తోంది’ అని ఉందేమో చూసుకోండి. ఆంధ్రా బ్యాంకు పాస్‌పుస్తకం జ్ఞాపకంగా దాచుకున్నవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. దాంతోపాటు అప్పు తీరినట్టు ఆ బ్యాంకిచ్చిన కాగితం కూడా దాచుకోవాలి. అది జ్ఞాపకం కాదు, రుజువు.

ఇంకొన్ని చిన్న చిన్న ముళ్లున్నాయి. షాపింగ్ మాల్లో బహుమతి ఇస్తామని అంటగట్టిన క్రెడిట్ కార్డు. మనం ఒక్కసారీ గీకలేదు, కవరు కూడా విప్పలేదు. సాలుసరి రుసుము అయిదొందలు పడుతుంది, దానికి వడ్డీ, దానికి జరిమానా. కొన్నేళ్లకి అది చిట్టాలో మొండి బాకీగా తేలుతుంది. ఫోన్‌లో ‘ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి’ అంటూ వచ్చేవి కూడా అప్పులే సుమా. రెండు వేల రూపాయల బూట్లు ఇరవై లక్షల ఇంటికి అడ్డుపడగలవు.

షూరిటీ సంతకాలు మరీనూ. ప్లాంటులో ఒకరికొకరు హామీ సంతకాలు పెట్టుకోవడం ఒక మర్యాద. షిఫ్టు పూర్తయి బయటికొస్తుంటే ‘బావా, ఇక్కడో సంతకం’ అంటే కాదనలేరు. బ్యాంకు అప్పుకి హామీ ఉంటే, ఆ అప్పు మన చిట్టాలోనూ మనం హామీదారుగా ఉన్నట్టు కనపడుతుంది. అతను ఎగ్గొడితే మచ్చ మనకీ పడుతుంది. ఇది తప్పు కాదు, దిద్దమంటే దిద్దరు.

నిజమైన మచ్చలు వేరు

ఈ తేడా గట్టిగా చెప్పాలి. చిట్టాలో తప్పు వేరు, మచ్చ వేరు. మనది కాని అప్పు, తీర్చినా తీరలేదని చూపడం, ఒకే అప్పు రెండుసార్లు పడటం, పేరో పుట్టినతేదో తప్పు పడటం... ఇవి తప్పులు. దిద్దించుకునే హక్కు మనకుంది. వాయిదా ఆలస్యంగా కట్టాం, అది ఆలస్యమని రాశారు. ఇది నిజం. దీన్ని చెరిపే మంత్రం ఎవరి దగ్గరా లేదు.

2024లో స్టీల్‌ప్లాంటులో జీతాలు ఆలస్యంగా, విడతలుగా పడిన నెలలు గాజువాక, కూర్మన్నపాలెం, అగనంపూడి ఇళ్లల్లో ఎవరూ మరిచిపోలేదు. 2025 జనవరిలో కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది గానీ, ఆ లోపు వాయిదాలు తప్పినవాళ్లకి చిట్టాలో ఆ అంకెలు పడిపోయాయి. జీతం రానందుకు తప్పు ఉద్యోగిది కాదు. కానీ చిట్టాలో ‘జీతం రాలేదు’ అనే గడి లేదు. ‘గడువు దాటిన రోజులు’ అనే గడే ఉంది. దాన్ని డీపీడీ అంటారు. సున్నాలుంటే సకాలంలో కట్టినట్టు. 30 అని ఉంటే నెల దాటినట్టు. మూడేళ్ల చరిత్ర నెలనెలా ఇలా వరసగా కనబడుతుంది. ఇదివరకు నెలాఖరు లెక్కే వెళ్లేది కాబట్టి అయిదో తేదీ వాయిదా ఇరవైకి కట్టినా బయటపడేది కాదు. ఇప్పుడు నెల మధ్యలోని లెక్క కూడా వెళుతుంది. ఆ ఆలస్యమూ పడే అవకాశం ఉంది.

జీతం తేదీ మారిన ఇళ్లల్లో ముందే బ్యాంకుకెళ్లి వాయిదా తేదీ వెనక్కి జరపమని రాతపూర్వకంగా అడగడం మేలు. జరుపుతారా లేదా అన్నది బ్యాంకు ఇష్టం. అడగకపోతే మాత్రం జరపరు. పడిపోయిన మచ్చ ఆ తర్వాతి నెలల్లో సక్రమంగా కడుతుంటే పాతబడుతుంది. స్కోరు నెమ్మదిగా లేస్తుంది. ఇక్కడ ఓపిక తప్ప మందు లేదు.

‘సెటిల్‌మెంట్’ అన్న మాట ఇంకో వల. లక్ష బాకీ ఉంది, వసూలు ఏజెంటు ఫోన్ చేసి ‘నలభై వేలు కట్టండి, మూసేద్దాం’ అంటాడు. కట్టేసి ఊపిరి పీల్చుకుంటాం. చిట్టాలో మాత్రం ‘సెటిల్డ్’ అని పడుతుంది. అంటే రాజీ పడ్డారు, పూర్తిగా తీర్చలేదు అని. అప్పిచ్చేవాళ్లు దాన్ని మంచి మాటగా చదవరు. దాన్ని ‘క్లోజ్డ్’గా మార్చాలంటే వదిలేసిన మిగతా సొమ్ము కూడా కట్టి, బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకుని, చిట్టాలో మార్చి పంపమని ఆ బ్యాంకునే కోరాలి. వేరే దారి లేదు. నన్నడిగితే, చేతిలో డబ్బుంటే రాజీ కంటే కిస్తీలు పెంచమని బతిమాలుకోవడమే నయం. చేతిలో లేనప్పుడు రాజీ పడినందుకు మాత్రం ఎవరినీ తప్పుపట్టలేను.

గోడల మీద ‘సిబిల్ క్లియర్ చేయబడును’ అన్న కాగితాలు చూసే ఉంటారు. బావ కంగారులో ఒకరికి ఫోన్ కూడా చేశాడు. ఎనిమిది వేలు అడిగాడు, పాన్, ఆధార్, ఫోన్‌కి వచ్చే ఓటీపీ అన్నీ కావాలన్నాడు. పైసా ఖర్చు లేని ఫిర్యాదుకి ఎనిమిది వేలు! పైగా తాళంచెవి వాళ్ల చేతికే.

కాగితం, ముద్ర, తేదీ

నిజంగా చేయాల్సింది ఏమిటంటే ముందు చిట్టా తెప్పించుకోవడం. ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2016లో ఆదేశించింది. 2017 నుంచి అమల్లో ఉంది. నాలుగు కంపెనీలూ ఒక్కొక్కటి ఇవ్వాలి. అంటే ఏడాదికి నాలుగు. వాటి వెబ్‌సైట్లలో పాన్ నంబరుతో తీసుకోవచ్చు. ఉచితం అన్న లంకె ఎక్కడో మూలన ఉంటుంది, డబ్బులు కట్టే పథకాల బొత్తాలు మాత్రం పెద్దగా మెరుస్తుంటాయి. కళ్లజోడు పెట్టుకుని వెతకండి. నాలుగూ ఎందుకంటే, ఒకదాంట్లో ఉన్న తప్పు ఇంకోదాంట్లో లేకపోవచ్చు. బావకి రెండింట్లో ఆ బండి ఉంది, రెండింట్లో లేదు.

అప్పు కోసం దరఖాస్తు పెట్టిన చోట మన గురించి తెప్పించుకున్న నివేదిక నకలు అడిగితే ఇవ్వాలని 2005 చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ‘స్కోరు లేదు వెళ్లండి’ అంటే ఊరుకోకుండా అది అడగండి.

తర్వాత ఫిర్యాదు. కంపెనీ వెబ్‌సైట్లోనే ఏ పద్దు తప్పో గుర్తు పెట్టి పంపవచ్చు. కంపెనీ దాన్ని బ్యాంకుకి పంపుతుంది. బ్యాంకు ‘అవును, తప్పే’ అంటేనే మారుస్తుంది. మేం మొదట ఇంతవరకే చేశాం. ‘ఈ అప్పు నాది కాదు’ అని ఒక గీటు పెట్టి ఊరుకున్నాం. ఇరవయ్యో రోజున జవాబొచ్చింది: ‘సంస్థ తన వివరాలు సరైనవేనని తెలిపింది.’ సరైనవే మరి! వాళ్ల కంప్యూటర్లో బావ పాన్ నంబరే ఉంది కదా. అదే తప్పును అదే తప్పుతో సరిచూశారు.

ఈలోపు బావ ఊరుకోకుండా ఇంకో మూడు బ్యాంకుల్లో దరఖాస్తులు పెట్టాడు. ప్రతి దరఖాస్తుకీ ఆ బ్యాంకు చిట్టా తెప్పించి చూస్తుంది. ‘ఈయన అప్పు కోసం తిరుగుతున్నాడు’ అని అది కూడా నమోదవుతుంది. స్కోరు ఇంకొంచెం తగ్గింది. తప్పు దిద్దేదాకా కొత్త దరఖాస్తులు పెట్టకూడదని ఆ దెబ్బతో తెలిసింది.

రెండోసారి పద్ధతిగా వెళ్లాం. ఆ ఫైనాన్సు సంస్థ శాఖకి, దాని నోడల్ అధికారికి వేర్వేరుగా ఉత్తరం రాశాం. ఒక్క పేజీ. ఏ ఖాతా నంబరు, ఏ కంపెనీ నివేదికలో ఏ తేదీన చూశాం, ఎందుకు నాది కాదు, ఏం కావాలి. పాన్, ఆధార్ నకళ్లు, బావ ఆర్‌సీ నకలు, పాత టీవీ అప్పు తీరిన కాగితం జతచేశాం. చివర ఒక వాక్యం: ఈ అప్పు నాదేనని మీరంటే నా సంతకం, ఫొటో ఉన్న దరఖాస్తు చూపించండి. శాఖలో రెండో ప్రతి మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకున్నాం. వేయనన్నారు. మావయ్య అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వేశారు. అదే రోజు కంపెనీ వెబ్‌సైట్లోనూ ఆ కాగితాలు జోడించి మళ్లీ ఫిర్యాదు పెట్టాం.

ఆ తేదీ ఎందుకంత ముఖ్యమంటే, ఫిర్యాదు అందాక ముప్ఫై రోజుల్లో తేల్చాలని నిబంధన. అప్పిచ్చిన సంస్థ సరిచేసిన వివరాలు ఇరవై ఒక్క రోజుల్లో పంపాలి. మిగతా తొమ్మిది రోజుల్లో కంపెనీ చిట్టా మార్చాలి. ముప్ఫై దాటితే రోజుకి రూ.100 చొప్పున పరిహారం మనకివ్వాలి. ఎవరి వల్ల ఆలస్యమైతే వాళ్లే కట్టుకోవాలి. రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 26న ఈ ఆదేశమిచ్చింది, 2024 ఏప్రిల్ 26 నుంచి అమలవుతోంది. దిద్దేది లేదంటే కారణం చెప్పాలని కూడా ఉంది. అప్పటికీ పని కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి ఈ చిట్టా కంపెనీలను కూడా ఆ పరిధిలోకి తెచ్చారు. ముందు సంస్థకి రాసి, ముప్ఫై రోజులు ఆగి, అప్పుడు ఆర్‌బీఐ సీఎంఎస్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాలి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయొచ్చు.

ఇళ్లల్లో ఉద్యోగాల కోసం చదివే పిల్లలుంటే ఈ చిట్టా సంగతి ఇంకాస్త ముందే చూసుకోండి. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లెందరో! ఎగవేత చరిత్ర ఉంటే అర్హులు కారని ఎస్‌బీఐ తన ప్రకటనల్లో పెట్టింది. అలా ఒక అభ్యర్థి నియామకాన్ని బ్యాంకు రద్దు చేస్తే, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకు పక్షానే తీర్పిచ్చింది. మెరిట్ లిస్టులో పేరొచ్చాక చిట్టాలో తప్పు వెతుక్కుంటే సమయం చాలదు.

నలభై ఒకటో రోజు

నోడల్ అధికారి దగ్గర్నుంచి మూడో వారంలో ఫోన్ వచ్చింది, డాబాగార్డెన్స్‌లోని వాళ్ల కార్యాలయానికి రమ్మని. పాత దరఖాస్తు బయటికి తీశారు. ఫొటో అతికించి ఉంది. ఇరవై రెండేళ్లుంటాయేమో, నూనె పెట్టి దువ్విన జుట్టు, కాలరు దాకా బొత్తాలు. బావకి ఆ వయసులోనూ మీసముంది, ఈ కుర్రాడికి లేదు. తండ్రి పేరు వేరు. సంతకం తెలుగులో ఉంది. బావ ఇంగ్లీషులో పెడతాడు. అక్కడి ఉద్యోగి ఫొటో వైపు, బావ వైపు రెండుసార్లు చూసి, ‘సారీ అండీ’ అన్నాడు. ఒక్క క్షణం పని.

దిద్ది పంపేసరికి, కంపెనీ చిట్టా మార్చేసరికి నలభై ఒక్క రోజులైంది. ముప్ఫై దాటిన పదకొండు రోజులకి పదకొండు వందల రూపాయలు బావ ఖాతాలో పడ్డాయి. స్కోరు వందకు పైగా లేచింది. వడ్లపూడి ఫ్లాటు అప్పటికే వేరేవాళ్లకి వెళ్లిపోయింది. బిల్డరు బయానాలో ఇరవై వేలు పట్టుకుని మిగతాది తిరిగిచ్చాడు.

ఇప్పుడు పెందుర్తి వైపు చూస్తున్నారు. ఈసారి ముందు చిట్టా తీయించి, ఆ తర్వాతే బయానా మాట ఎత్తారు. బావది, మావయ్యది, అత్తయ్యది కూడా. అత్తయ్య చిట్టాలో ఏమీ లేదు. ఆవిడ పేరున ఏనాడూ అప్పే లేదు మరి. మావయ్యదాంట్లో ఓ పాత సహోద్యోగి ఇంటి అప్పుకి హామీ ఉందని బయటపడింది. అతను సక్రమంగానే కడుతున్నాడు. ‘నాకు గుర్తే లేదురా అబ్బాయ్, ఎప్పుడు పెట్టేనో’ అన్నాడు మావయ్య.

ఆ పదకొండు వందలతో అత్తయ్య సింహాచలం వెళ్లొచ్చింది. ప్రసాదం నా చేతిలో పెడుతూ, ‘‘ఇంతకీ ఆ ఫొటోలో కుర్రాడు ఎవరబ్బాయోరా? బండి బాకీ ఇప్పుడు వాడి మీదికి వెళ్లిపోయినట్టేనా? ఇంట్లోవాళ్లకి తెలుసో తెలీదో...’’ అంది.